యాస నేర్పడం పని కాదా?

పోయిన నెల ఒక నాటక సమాజం నుంచి ఫోనొచ్చింది. దర్శకుడు తెలిసినబ్బాయే, మర్యాదస్తుడు. "అక్కా, ఈసారి మా నాటకమంతా పాతబస్తీలో ఒక ఇంట్లో జరుగుతుంది. మా వాళ్లందరూ గుంటూరు, బెజవాడ వైపు వాళ్లు. మీరొక నాలుగు రోజులు వచ్చి వాళ్లకి కాస్త యాస పట్టించి పోవాలి" అన్నాడు. తప్పకుండా వస్తాను, ఎంతిస్తారు అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత చిన్నగా నవ్వాడు. "అదేంటక్కా! మీరు ఇంట్లో మాట్లాడుకునే మాటే కదా. ఊరికే వచ్చి మా మధ్య కూర్చుని మాట్లాడితే చాలు."

ఊరికే!

ఈ మాట మీకూ కొత్త కాదనుకుంటాను. "ఎలాగూ మీ ఇంట్లో పెట్టుకుంటారుగా, మాకూ ఓ నాలుగు కిలోల ఆవకాయ కలిపి పెట్టండి" అని అడిగించుకున్న వాళ్లకి తెలుసు. "నీకు కుట్టు వచ్చుగా, ఈ జాకెట్టు కాస్త చూడు" అనిపించుకున్న వాళ్లకి తెలుసు. మనకు అమ్మ దగ్గర నుంచి వచ్చిన విద్య ఏదైనా సరే, అది ఊరికే వచ్చింది కాబట్టి ఊరికే ఇచ్చెయ్యాలని లోకం లెక్క.

నేను ముప్పై ఏళ్లకు పైగా నాటకాల్లో ఉన్నాను. వేషం వేస్తాను, పద్యం పాడతాను, ఇతరులకు యాస నేర్పుతాను. మొదటి రెండు పనులకు ఎంతో కొంత చేతిలో పెడతారు. మూడోదానికి చాయ్ పోస్తారు.

మాది గౌలిపురా. నాన్న దర్జీ. అమ్మ ఇంట్లో ఊదుబత్తీలు ఒత్తేది. పీట ముందు కూర్చుంటే వెయ్యి పుల్లలు అయ్యేదాకా లేచేది కాదు. చెయ్యి ఆడుతూనే ఉండేది, నోరూ ఆడుతూనే ఉండేది. పక్కింటి ఖాలా వచ్చి అరుగు మీద కూర్చునేది. ఆమె దక్కనీలో మాట్లాడితే అమ్మ తెలుగులో జవాబు చెప్పేది. ఇద్దరికీ ఎదుటివాళ్ల భాష పూర్తిగా రాదు, అయినా ఒక్క ముచ్చటా ఆగేది కాదు. నా చెవి అక్కడ తయారైంది. ఏ గురువు దగ్గరా కాదు.

1989లో మొదటిసారి స్టేజీ ఎక్కాను. పనిమనిషి వేషం. బడిలో, కాలేజీలో నేను పుస్తకం భాష మాట్లాడటం బాగా అలవాటు చేసుకున్నాను. రిహార్సల్లోనూ అలాగే మాట్లాడబోతే, "నువ్వు మీ ఇంట్లో ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడమ్మా, వేషానికి సరిపోతుంది" అన్నారు. నాకు ఎగిరి గంతేసినంత సంతోషం. ప్రదర్శన రోజు అమ్మని తీసుకెళ్లి రెండో వరసలో కూర్చోబెట్టాను. యజమానురాలితో నేను చెప్పే మాట ఒకటుంది. "అమ్మా, నా బిడ్డ పానం మంచిగ లేదు. దవాఖానకు తోల్కపోవాలె. ఇయ్యాల జర జల్ది పోతనమ్మా." పిల్లకు జ్వరం వచ్చిందని ఏడుస్తూ చెప్పే మాట అది. హాలంతా గొల్లుమని నవ్వింది.

ఎందుకు నవ్వారో నాకు వెంటనే అర్థం కాలేదు. చీర జారిందేమోనని చూసుకున్నాను! ఇంటికి వచ్చేటప్పుడు నయాపూల్ దాటేదాకా అమ్మ ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "నేను మాట్లాడితె గుడ గట్లనే నవ్వొస్తదా బిడ్డా?"

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నేను యాస నేర్పిన ప్రతిచోటా ఆ జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను.

మన నాటకరంగంలో ఆడవాళ్ల సంగతి కొంత చెప్పాలి. స్త్రీ పాత్రలు మగవాళ్లే వేసే రోజుల్లో, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ' ఆడి మొదలైన సురభి వాళ్లు ఇంటి ఆడవాళ్లనే రంగం మీదికి తెచ్చారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన కమలాబాయి ఆ ఇంటి పిల్లే. చిందు భాగోతంలో బతుకంతా వేషం కట్టిన నిజామాబాదు చిందు ఎల్లమ్మ మనకు తెలుసు, 2005లో పోయారు. వీళ్లకు నాటకం ఇంటి పని, కులవృత్తి, కూడు. నాలాగా బయటినుంచి వచ్చిన వాళ్ల సంగతి వేరు. పరిషత్తు పోటీల సమాజాల్లో మగ నటులు చాలామంది బ్యాంకులోనో కరెంటాఫీసులోనో ఉద్యోగాలు చేసుకుంటూ సరదా కొద్దీ నాటకం ఆడేవాళ్లు. ఆడవేషాలకు మాత్రం మనిషిని డబ్బిచ్చి పిలిపించుకోవాలి. ఒకే పరిషత్తులో ఒకే అమ్మాయి మూడు సమాజాలకు మూడు వేషాలు వేసిన సందర్భాలున్నాయి, నేనూ వేశాను. డైలాగులు రైల్లో బట్టీ పట్టేదాన్ని. వాళ్లది కళాసేవ, మాది కూలి. డబ్బు తీసుకుంటున్నామని చిన్నచూపు ఒకటి! ఆ చిన్నచూపుకు జడిసి చాలా ఏళ్లు నేను నోరు విప్పి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నానంటే ధైర్యం వచ్చి కాదు, వయసు వచ్చి.

పద్యనాటకంలో మరో ఇబ్బంది. హార్మోనియం శృతి కథానాయకుడి గొంతుకు పెడతారు. మనం పైకి ఎగబాకాలో కిందికి దిగాలో మన తంటా. సీతగా నాలుగు పద్యాలు పాడి వచ్చాక రెండ్రోజులు గొంతు పలకని రోజులున్నాయి. దాని గురించి ఇంకోసారి రాస్తాను, అదో పెద్ద కథ.

యాస దగ్గరికి వద్దాం. యాస అంటే నాలుగు మాటలు మార్చడం అనుకుంటారు. ఉల్లిపాయను ఉల్లిగడ్డ అను, ఆసుపత్రిని దవాఖాన అను, ప్రతి మాట ముందూ ఒక 'గ' తగిలించు, అయిపోయింది తెలంగాణ! నా దగ్గరికి వచ్చే నటులు తొంభై పాళ్లు ఈ 'గ' రోగంతోనే వస్తారు. 'గ' అనేది వేలెత్తి చూపడం లాంటిది. "అట్లనా?" అంటే మామూలుగా అడగడం. "గట్లనా?" అంటే నమ్మలేక అడగడమో, మనసులో మండి అడగడమో. ప్రతిమాటకూ వేలెత్తి చూపే మనిషిని మీరెప్పుడైనా చూశారా? 'వచ్చాను' అనే చోట మేం 'వచ్చిన' అంటాం, అంతే. కోస్తా నటులకు అక్కడ మాట తెగిపోయినట్టు అనిపిస్తుంది, నోరు ఊరుకోదు, 'వచ్చినాను' అంటారు. అంటే బండి రాయలసీమ దారి పట్టిందన్న మాట.

అన్నిటికన్నా కష్టం 'నువ్వు'. మా ఇళ్లల్లో కోడలు అత్తతో "అత్తమ్మా, నువ్వు తిన్నవా?" అంటుంది. ఇంటికొచ్చిన పెద్దమనిషిని "రాండ్రి, కూసోండ్రి" అంటుంది. గుంటూరు అమ్మాయి ఈ 'నువ్వు' పలికితే పొగరుగా వినిపిస్తుంది. ఎందుకంటే వాళ్ల దగ్గర మర్యాద 'అండీ'లో ఉంది, మా దగ్గర గొంతులో ఉంది. అత్తతో అనే 'నువ్వు' మెత్తగా దిగుతుంది, చెల్లెలితో అనే 'నువ్వు' చప్పున తెగుతుంది. ఆ తేడా కాగితం మీద రాయలేను. నోటితో వందసార్లు అనిపించాలి. తెలంగాణ వాళ్లకు పెద్దాచిన్నా లేదు, అందర్నీ నువ్వంటారు అని ఎన్నిసార్లు విన్నానో! లేనిది మాకు మర్యాద కాదు, విన్నవాళ్లకు చెవి.

పైగా అందరిదీ ఒకే యాస అనుకోవడం ఒకటి. కరీంనగర్ మాట వేరు, పాలమూరు మాట వేరు. పాతబస్తీ మాట ఆ రెండూ కాదు. ఇక్కడ తెలుగులో ఉర్దూ ఉప్పులా కరిగి ఉంటుంది. 'జర', 'పరేషాన్', 'జల్ది' అందరూ అంటారు. అవుననడానికి 'హౌ' అంటారు. కానీ ఖాలా 'ఖాళీ' అంటే ఆ 'ఖ' గొంతు లోపల్నుంచి వస్తుంది, మా అమ్మ అంటే అది వట్టి 'కాళీ'యే. ఉర్దూలో పర్సోం అంటే మొన్న, లేదా ఎల్లుండి. మా హైదరాబాదీలకు మాత్రం గడిచిపోయిన ఏ రోజైనా పర్సోమే, పదేళ్లయినా సరే! ఇక తెలుగు నాటకంలో ముస్లిం పాత్ర రాగానే 'నాకీ, నీకీ, మాకీ' అని ప్రతిమాటకూ ఒక 'కీ' అతికిస్తారు. ముప్పై ఏళ్లు ఖాలా పక్కన పెరిగాను, ఆమె నోట ఒక్క 'కీ' వినలేదు. ఆమె తెలుగు ఆగి ఆగి వచ్చేది, మాట కోసం వెతుక్కునేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకునేది. 1990 డిసెంబరు కర్ఫ్యూలో రిహార్సల్‌కు పోలేక నేను ఇంట్లో ఏడుస్తుంటే, సందులోంచి వచ్చి నా డైలాగుల కాగితం పట్టుకుని, చదవడం రాకపోయినా ఎదుటి పాత్రగా కూర్చుంది. అలాంటి మనిషిని 'కీ'తో సరిపెడితే నాకు ఒళ్లు మండదా?

అందుకే నేను నటుల్ని గదిలో కూర్చోబెట్టి నేర్పను. పొద్దున్నే మీరాలం మండీకి తీసుకుపోతాను. కూరగాయలు బేరం చెయ్యమంటాను. బేరమాడేటప్పుడు మనిషి నటించలేడు. ఎవరు ఎక్కడ మాట సాగదీస్తున్నారో, ఎక్కడ ఊపిరి తీస్తున్నారో వినమంటాను. రాజమండ్రి నుంచి వచ్చిన ఒక అమ్మాయికి పది రోజులైనా పట్టు చిక్కలేదు. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి, మనిషి మాత్రం అక్కడ లేదు. విసిగిపోయి మా ఇంటికి తీసుకుపోయి అమ్మ పక్కన పీట వేశాను. "జరసేపు పుల్లలు ఒత్తు బిడ్డా" అంది అమ్మ. నల్లటి ముద్ద తీసుకోవడం, పుల్లకు చుట్టడం, అరచేత్తో ఒత్తడం. ఆ ఒత్తుడుకు ఒక నడక ఉంది. మూడోరోజు సాయంత్రానికి ఆ అమ్మాయి మాట ఆ నడకలో పడింది! చేతులు పనిలో ఉంటే నోటికి భయం పోతుంది కాబోలు. తర్వాత ఆ వేషానికి ఆ పిల్లకు ఉత్తమ నటి బహుమతి వచ్చింది. నాకు సంతోషమే. కరపత్రంలో నా పేరు లేదు, మా అమ్మ పేరు అసలే లేదు. మేకప్ చేసిన వాళ్ల పేరుంది, లైట్లు వేసిన వాళ్ల పేరుంది, కుర్చీలు పంపిన వాళ్లకు కృతజ్ఞతలున్నాయి.

తెలంగాణ పాత్రలు తెలంగాణ వాళ్లే వెయ్యాలి, ఈ నేర్పుడు గొడవే ఉండదు అంటారు కొందరు మావాళ్లు. నేనొప్పుకోను. ఇతరుల్లా బతికి చూపడమే కదా మా పని. 'కన్యాశుల్కం'లో నేను పూటకూళ్లమ్మ వేశాను. 1892లో మొదట ఆడిన ఆ నాటకాన్ని గురజాడ వారు 1909లో మళ్లీ పెంచి రాశారు, ఎవరి మాట వాళ్ల నోట్లో పెట్టారు. విజయనగరం మాట నా నోటికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ వైపు నుంచి వచ్చి మా రిహార్సల్ హాలు దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్న ఒకావిడ నాకు గురువు. నేను తప్పు పలికితే గరిటె చూపించేది. ఆవిడకు నేనేమిచ్చాను? రోజూ రెండు ఇడ్లీలు ఎక్కువ కొన్నాను. నేనూ ఆ తానులో ముక్కనే.

పనిమనిషి, తాగుబోతు, రౌడీ, నవ్వించేవాడు. చాలాకాలం తెలుగు సినిమాలో, నాటకంలో మా మాటకు దొరికిన వేషాలు ఇవే. నవ్వించడం తప్పా అంటే కాదు. మావాళ్లకు నవ్వడం, నవ్వించడం రాదా? దక్కనీలో బబ్బన్ ఖాన్ 1965లో మొదలుపెట్టిన 'అద్రక్ కే పంజే' నాటకానికి వేల ప్రదర్శనలు పడ్డాయి. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. అక్కడ తమ ఇల్లు తామే చూసుకుని నవ్వారు. నా పనిమనిషి వేషానికి నవ్విన వాళ్లు చూసింది వేరేవాళ్ల ఇల్లు.

2014లో రాష్ట్రం వచ్చాక కాలం మారింది, కాదనను. కాళోజీ గారు పుట్టిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల యాసలో మాట్లాడి అందరి మనసు దోచింది. 2023లో 'బలగం' చూసి ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి, నవ్వలేదు. ఆ సినిమా చూసినరోజు అమ్మ ఉంటే బాగుండుననుకున్నాను. అయినా చూడండి, టీవీ సీరియల్లో ఇప్పటికీ నాయిక పుస్తకంలా మాట్లాడుతుంది, వంటింట్లో మనిషి యాసలో మాట్లాడుతుంది. నాకు మాత్రం ఏటా సెప్టెంబరులో సన్మానాలు. ఇంట్లో శాలువాలు పదకొండు పోగయ్యాయి. ఆటో డబ్బులు మాత్రం నావే.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే ఇదంతా రాసే హక్కు నాకుండదు. మా అమ్మాయి మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకు పోతుంటే గుమ్మం దగ్గర ఆపి, "అక్కడ 'ఏంది' అనకు, 'ఏమిటి' అను" అని చెప్పాను. అది చెప్పులు వేసుకుంటూ నా వైపు చూసింది. "అందరికీ నువ్వే నేర్పుతవు, నన్ను మాత్రం దాచిపెట్టుకొమ్మంటవు" అంది. నోట మాట రాలేదు నాకు. ఆ మాటకొస్తే ఈ వ్యాసం కూడా పత్రిక భాషలోనే రాస్తున్నాను కదా!

'మై ఫెయిర్ లేడీ' సినిమా మీలో కొందరు చూసి ఉంటారు. బెర్నార్డ్ షా 'పిగ్మాలియన్' నాటకమే దానికి మూలం. పూలమ్ముకునే పిల్లకు ఒక పెద్ద ప్రొఫెసరు దొరసాని భాష నేర్పుతాడు. నేర్పినందుకు ఆయన గొప్పవాడయ్యాడు. మా దగ్గర కథ తలకిందులు. పూలమ్ముకునే పిల్లే ప్రొఫెసర్లకు నేర్పుతోంది. ఆమెకు పేరు లేదు, ఫీజు లేదు.

సమాజాల దగ్గర డబ్బెక్కడిదండీ అంటారు. నిజమే. జీతాల్లోంచి తీసి నాటకాలాడే వాళ్లను, పెళ్లాం గాజులు కుదవ పెట్టి సెట్టింగు కట్టించిన వాళ్లను నేనెరుగుదును. (ఆ గాజులు మళ్లీ ఇంటికి వచ్చాయో లేదో ఎవరూ రాయరు.) అందుకే నేనడిగేది పెద్ద కోరికేం కాదు. నాటకంలో ఎవరికీ పైసా ఇవ్వకపోతే నాకూ వద్దు, సంతోషంగా వస్తాను. హార్మోనియానికి, మేకప్‌కు, లైట్లకు ఇస్తున్నప్పుడు మాత్రం యాస నేర్పే మనిషికీ ఇవ్వాలి. కరపత్రంలో పేరు వెయ్యాలి. ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు కాదు, నాటకం చదివే మొదటి రోజే పిలవాలి. రాసిన వాళ్ల కలంలోనే తప్పుంటే నటుల నోటిని నేనేం దిద్దను?

ఇదంతా ఆ అబ్బాయికి ఫోన్లోనే చెప్పాను. కోపంగా చెప్పలేదు, గొంతు కొంచెం పెరిగిందేమో. "కమిటీతో మాట్లాడతానక్కా" అని పెట్టేశాడు. ఇక రాడులే అనుకున్నాను. ఈలోపు మా ఆయన, "ఉన్న పిలుపు కూడా పోగొట్టుకుంటివి" అన్నాడు.

పోయిన గురువారం మళ్లీ ఫోన్. రిహార్సల్‌కు ఇంత అని ఒక అంకె చెప్పాడు. పెద్ద అంకె కాదు, మేకప్ వాళ్లకిచ్చే దాంట్లో సగం. ఒప్పుకున్నాను. "కరపత్రంలో ఏమని వెయ్యాలక్కా? 'భాషా సహకారం' అని వెయ్యనా?" అన్నాడు. సహకారం కాదు, 'యాస శిక్షణ' అని వెయ్యమన్నాను. "మీ పేరొక్కటేనా?" అని అడిగాడు. నా పేరు పక్కన ఇంకో పేరు చెప్పాను. స్పెల్లింగు రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. ఆవిడెవరు, రిహార్సల్‌కు వస్తారా అన్నాడు. రాలేదు, పోయి ఆరేళ్లయింది అన్నాను.

మంగళవారం నుంచి రిహార్సల్. పన్నెండు మంది ఉన్నారట. ఊదుబత్తీ పుల్లలు, మసాలా పొడి తెచ్చి పెట్టుకోవాలి. అమ్మ పీట అటక మీద ఎక్కడుందో చూడాలి.